కచేరీకి వెళ్ళి వచ్చాక

పోయిన వారం టపాలో ఒక సోదరి ఉత్తరం వచ్చింది. పేరూ, ఊరూ అచ్చు వేయవద్దని కోరింది కనుక వేయడం లేదు. ఉత్తరం మూడు పేజీలు. సారాంశం ఇది.

వాళ్ళ ఊరికి పేరున్న గాయకుడొకాయన వస్తున్నాడని తెలిసి, నెల ముందునుంచే సరదాపడి, మనిషికి వెయ్యి రూపాయల చొప్పున నాలుగు టిక్కెట్లు కొన్నారట. ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు, పదకొండేళ్ళ అమ్మాయి. అమ్మాయి రెండేళ్ళుగా సంగీతం నేర్చుకుంటోంది. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు దాటి గీతాల్లోకి వచ్చింది. ఆరున్నరకు కచేరీ అన్నారు. వీళ్ళు ఆరింటికే వెళ్ళి కూర్చున్నారు. జ్యోతి వెలిగించడం, పెద్దల ఉపన్యాసాలు, శాలువాలు, ఫోటోలు పూర్తయ్యేసరికి ఎనిమిది. గాయకుడు పాడింది గంటంబావు. ఆ పాడినది కూడా లౌడుస్పీకర్ల హోరులో ఏమిటో తెలియలేదు. అమ్మాయి నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయింది. తిరిగి వస్తూ ఆవిడ భర్త, "ఈ పాటలన్నీ నా ఫోన్లో ఉన్నాయి. నాలుగువేలూ దండగ" అన్నారట.

అంతవరకే అయితే నేను నవ్వి ఊరుకుందును. ఇలాంటి రాత్రులు నాకూ కొత్తకాదు. కాని ఉత్తరం చివర ఉన్న నాలుగు వాక్యాలు నన్ను ఊరుకోనివ్వలేదు. మర్నాటినుంచి అమ్మాయి పాఠానికి వెళ్ళనంటోందట. "ఎందుకమ్మా నేర్చుకోవడం? ఎంత నేర్చుకున్నా చివరికి అదే కదా!" అందట. "దానికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. మీరు కచేరీలకు వెళుతూంటారు కదా, మీరే చెప్పండి" అని ఆవిడ ముగించింది.

ముందుగా ఒక మాట. నేను పాడేదాన్ని కాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని. చిన్నప్పుడు వర్ణాలదాకా వచ్చి ఆగిపోయాను. వినడం మాత్రం మానలేదు. మా ఊరి నవమి పందిళ్ళు, గుడి మండపాలు, పట్నంలో ఏసీ హాళ్ళు - ముప్ఫయ్యేళ్ళుగా తిరుగుతున్నాను. నిజం చెప్పమంటే, పదింట ఆరు కచేరీలు నన్ను నిరాశపరిచాయి. మావారు పక్కనుంచి "ఆరేమిటి, ఎనిమిది" అంటున్నారు. సరే, ఎనిమిదే అనుకుందాం. మిగిలిన రెండింటి కోసం ఇంకా వెళుతున్నాను.

అయితే ఈ నిరాశలన్నీ ఒక్క జాతివి కావు. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి పాటలోంచి పుట్టేది. రెండోది మనం తెచ్చిపెట్టేది. మొదటిదాన్ని భరించాలి, ఒక్కొక్కప్పుడు దాచుకోవాలి కూడా. రెండోదాన్ని భరించనక్కరలేదు. ఈ తేడా తెలియకపోతే రెంటికీ కలిపి సంగీతాన్నే తిట్టుకుంటాం. ఆ పదకొండేళ్ళ పిల్ల చేసింది అదే.

మొదటి రకం సంగతి చూద్దాం. మన కర్ణాటక కచేరీలో కృతి ఒక్కటే ముందుగా తయారై ఉన్నది. రాగాలాపన గాయకుడు అప్పటికప్పుడు చేసుకోవాలి. నెరవు అప్పటికప్పుడు. స్వరకల్పన అప్పటికప్పుడు. ఫిడేలాయనకు గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో ఒక్కోసారి ముందుగా తెలియనే తెలియదు. విని, వెంట నడిచి, తన వంతు వచ్చినప్పుడు తన మాట తాను చెప్పాలి. అంటే పెద్ద కచేరీలో దాదాపు సగం పాట మనం కుర్చీలో కూర్చునేటప్పటికి ఇంకా పుట్టలేదన్నమాట. పుట్టని దానికి పూచీ ఎవరిస్తారు? వంటింట్లో చెయ్యి తిరిగిన ఇల్లాలికి కూడా ఒక్కోరోజు పాకం ముదురుతుంది.

ఇప్పుడు మనం వింటున్న కచేరీ పద్ధతి కూడా వేదకాలం నాటిదేమీ కాదు. వర్ణంతో మొదలుపెట్టి, చిన్నవీ పెద్దవీ కృతులు కలిపి, ఒక ప్రధానమైన కృతిని విస్తరించి, తని ఆవర్తనం తరువాత తేలిక పాటలు పాడి మంగళం చెప్పడం అనే ఈ వరసను స్థిరపరిచినవారు అరియకుడి రామానుజ అయ్యంగారు. ఆయన కాలం 1890 నుంచి 1967 వరకు. విందులో పప్పు, కూర, పులుసు, పెరుగు ఉన్నట్టుగా ఈ వరస అందరికీ నచ్చింది. ఒక కృతి పండకపోతే మరొకటి పండుతుంది. కాబట్టి మొదటి అరగంట విని తీర్పు చెప్పడం, అన్నంలో మొదటి ముద్దకే లేచిపోవడంలాంటిది.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక ముసలి విద్వాంసుడి కచేరీకి వెళ్ళాను. ఆయన పేరు చెప్పను. ఎనభైకి దగ్గరగా ఉంటారు. ఒకప్పుడు మూడు స్థాయిల్లోనూ అలవోకగా తిరిగిన గొంతు అని మా నాన్నగారు కథలు కథలుగా చెప్పేవారు. ఆ రాత్రి నవమి పందిట్లో ఆయన నోరు తెరిచేసరికి నాకు కన్నీళ్ళాగలేదు. గొంతు జీరపోయింది. మధ్యమధ్య దగ్గు. వెనక వరసల్లోవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన కల్యాణి రాగం ఎత్తుకున్నారు. మెల్లిగా ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పైషడ్జం దగ్గరికి వచ్చి ఆగారు. అందలేదు. మళ్ళీ ప్రయత్నించారు. అందలేదు. పందిరంతా చప్పుడు లేకుండా అయిపోయింది. అప్పుడు ఫిడేలు వాయిస్తున్న కుర్రాడు, ఆయన ఎక్కడ ఆగారో అక్కడినుంచి అందుకుని, కమాను సన్నగా లాగి, ఆ షడ్జం మీద నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ముసలాయన కళ్ళు మూసుకుని, ఆ స్వరం తన గొంతులోంచే వస్తున్నట్టు చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. తరువాత కుర్రాడివైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు నేను మరవలేను. అంతకన్నా గొప్ప గొంతులు ఎన్నో విన్నాను. వాటిలో ఎన్ని షడ్జాలు నాకు జ్ఞాపకమున్నాయి? ఆయన పాడలేకపోయిన షడ్జం జ్ఞాపకముంది.

గొంతు మనిషి ఒంట్లో ఉండే వస్తువు. దానికి పడిశం పడుతుంది, ముసలితనం వస్తుంది. చెంబై వైద్యనాథ భాగవతారు అంతటి కంచుకంఠం కొంతకాలం పూర్తిగా మూగపోయింది. తిరిగి వచ్చిన గొంతుతో ఆయన చివరిదాకా పాడారు. 1974లో ఒట్టపాలంలో గుళ్ళో కచేరీ చేసి, ఆ రోజునే కన్నుమూశారు. అలాంటివాళ్ళ ముందు కూర్చున్నప్పుడు డబ్బు గిట్టుబాటు లెక్క చూసుకోవడం నాకు చేతకాదు. ఫోన్లో ఉన్నది ఎప్పుడో జరిగిపోయిన పాట. దానికి పడిశం పట్టదు. పోయి పోయి మనం ఒక మనిషి ఎదుట కూర్చునేది, ఆ పూట ఆ మనిషికి ఏం జరుగుతుందో మనం కూడా చూడడానికే.

ఇక రెండో రకం. మనం తెచ్చిపెట్టేది. ఉత్తరం రాసిన సోదరి ఇంటిల్లిపాదినీ నిద్రపుచ్చింది ఇదే.

మృదంగం సంగతే తీసుకోండి. అది తోలుతో చేసిన వస్తువు. కుడిమూతికి నల్లటి కరణి ఉంటుంది. ఎడమవైపు కచేరీకి ముందు బొంబాయిరవ్వ ముద్ద తడిపి అతికిస్తారు. బరువైన నాదం దానివల్లనే వస్తుంది. తేమ తగిలితే తోలు వదులవుతుంది, పొడిగాలికి బిగుస్తుంది. ఆ ముద్ద ఆరిపోతే నాదం మారుతుంది. అందుకే మృదంగం ఆయన చిన్న రాయి పెట్టి అంచుల మీద టకటకా కొడుతూ శ్రుతి సరిచేసుకుంటూ ఉంటాడు. వీణ మీద మెట్లను నిలబెట్టేది మైనం. వేడి దీపాలకింద గంటలకొద్దీ ఉంచితే మైనం మెత్తబడుతుంది. ఇంత సుకుమారమైన సామగ్రిని శ్రుతి చేసుకుని కూర్చున్నవాళ్ళను, "ఒక్క అయిదు నిమిషాలు" అని పక్కకు జరిపి, గంటసేపు ఉపన్యాసాలిస్తే ఏమవుతుంది? నేను ఒకచోట లెక్కపెట్టాను. ఏడుగురు మాట్లాడారు. అందులో అయిదుగురు "నాకు సంగీతం తెలియదు కాని" అని మొదలుపెట్టారు. తెలియని సంగతి గురించి ఒక్కొక్కరు పదేసి నిమిషాలు చెప్పారు.

మైకు సంగతి మరొకటి. మైకులు రాకముందు గాయకులు పందిరి చివరిదాకా వినబడాలని ఎక్కువ శ్రుతిలో, గొంతు పెంచి పాడేవారు. 1930ల తరువాత మైకు వాడుకలోకి వచ్చి గొంతుకు సుఖమిచ్చింది. శ్రుతులు దిగాయి, సన్నని గమకం కూడా వెనక వరసకు చేరింది. దానికి మనం కృతజ్ఞులమే. కాని వినబడేటట్టు చేయడం వేరు, చెవులు చిల్లులు పొడవడం వేరు. పాల్ఘాటు మణి అయ్యరు వంటి మృదంగ విద్వాంసుడు మైకే వద్దని పట్టుబట్టారంటే కారణం లేకపోలేదు. మృదంగంలో వేలికొసతో పలికే మాట ఒకటి, అరచేతితో పలికే మాట మరొకటి. పెద్ద పెట్టెల్లోంచి వస్తే రెండూ "ధబ్" మనే వినిపిస్తాయి.

ఇదంతా సభవాళ్ళ మీద నేరం మోపడానికి రాస్తున్నానని అనుకోకండి. శ్రోతల వాటా మాటకు వస్తున్నాను. కిందటేడు ఒక కచేరీలో చూసిన సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ప్రధాన కృతి అయింది. గాయని స్వరకల్పన ముగించి, మృదంగం ఆయనకు చేత్తో సైగ చేసింది. తని ఆవర్తనం అన్నమాట. రెండు గంటలు ఇంకొకరి వెంట నడిచిన మనిషికి తనదంటూ దక్కేది ఈ పది పదిహేను నిమిషాలే. ఆయనకు అరవై దాటి ఉంటాయి. కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. చెయ్యి వేశాడో లేదో, హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి. కాఫీకి కొందరు, ఫోన్లకి కొందరు, "ఇదయ్యాక వద్దాం" అని కొందరు. ఎదురుగా ఉన్న మూడు వరసలూ ఖాళీ. ఆయన తలెత్తి ఒక్కసారి హాలు చూశాడు. నాలుగు ఆవర్తాలు వాయించాడు. అయిదో దానిలో, ఇంకా విప్పవలసిన మూటను విప్పకుండానే ముడివేసినట్టు, తీర్మానం వేసి ముగించేశాడు. గాయని కంగారుగా పల్లవి అందుకుంది. మిగిలినవాళ్ళం చప్పట్లు కొట్టాం. ఆయన ఆ చప్పట్లు విన్నాడో లేదో, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ పూట కచేరీ బాగులేదని బయట కాఫీ తాగినవాళ్ళు అనుకుంటూంటే విన్నాను. ఎలా బాగుంటుంది? అందులో బాగుండవలసిన ముక్కను వాళ్ళే బయటికి పోయి చంపేశారు.

పక్కవాద్యం అని పేరు పెట్టి పక్కకు నెట్టేయడం మనకు అలవాటు. మన ఫిడేలు నాయుడుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు, 1893లో పుట్టి 1964లో వెళ్ళిపోయిన మహానుభావుడు. విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పుతూ, తరువాత దానికే ప్రిన్సిపాలై, పక్కన కూర్చునే ఆ వాద్యాన్ని వేదిక నడుమ కూర్చోబెట్టి ఒంటరి కచేరీలు చేశారు. చూపు సరిగా ఆనని ఆయన ముందు జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు గనుకనే ఆ ఫిడేలు అంత మాట్లాడింది. విద్వాంసుణ్ణి పెంచేది సగం గురువైతే సగం శ్రోతలు.

ఇంతసేపూ నిరాశలే చెప్పాను. మనసులో నిలిచిపోయినవాటిని గురించి చెప్పమంటారా? వాటిలో టిక్కెట్టు కొన్నవి తక్కువ.

గోదావరి అవతల ఒక పల్లెలో మా పినతల్లి కూతురి పెళ్ళి. ముహూర్తం అయింది, తలంబ్రాలు అయ్యాయి. రెండో పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. పెరటి అరుగు మీద సన్నాయి ఆయన ఒక్కడూ కూర్చున్నాడు. డోలు ఆయన పక్కన తువ్వాలు పరచుకుని నిద్రపోతున్నాడు. నేను మంచినీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళాను. ఆయన ఎవరూ అడగకుండానే తోడి ఎత్తుకున్నాడు. ఊదడం కూడా కాదు, తనలో తాను మాట్లాడుకున్నట్టు. గాంధారం మీద నిలిచి, అటూ ఇటూ ఊగి, మళ్ళీ దాని దగ్గరికే వస్తున్నాడు. గాడిపొయ్యి దగ్గర వంటాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గిన్నెలు తోముతున్న మనిషి చెయ్యి ఆపింది. ఇరవై నిమిషాలు. వినేవాళ్ళం ముగ్గురం. ఆయన ఆపగానే వంటాయన, "ఇంకాస్త వాయించండి మేస్టారూ" అన్నాడు. ఆయన నవ్వి, "ఇవాళ ఇంతవరకే వచ్చిందండీ" అన్నాడు. ఇంతలో లోపలినుంచి ఎవరో, "మేళం ఏదయ్యా, అప్పగింతలకు వేళయింది!" అని కేక వేశారు. ఆయన లేచి వెళ్ళి సినిమా పాట అందుకున్నాడు.

ఒంగోలు దగ్గర కరవది నుంచి వెళ్ళి, నాదస్వరానికి పుట్టినిల్లయిన అరవదేశంలో శ్రీరంగంలో స్థిరపడి, వాళ్ళచేత ఔననిపించుకున్న షేక్ చినమౌలానా సాహెబుగారు మన తెలుగువారే. ఆయన 1999లో పోయారు. ఆ వాద్యాన్ని మనం పెళ్ళిలో మాటలు వినబడకుండా చేసే చప్పుడుగానే వాడుకుంటున్నాం. మీ ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు, భోజనాలయ్యాక ఆయన్ను ఒక్క రాగం అడిగి చూడండి. అడిగినవాళ్ళు లేకనే ఎన్ని రాగాలు ఆ పెట్టెల్లోనే ఉండిపోతున్నాయో!

మరొక జ్ఞాపకం తిరువయ్యూరుది. తంజావూరుకు దగ్గర్లో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరు. ఆయన 1767లో పుట్టి 1847లో సిద్ధిపొందారు. ఆ సమాధి మీద గుడి కట్టించినవారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. అక్కడ ఆడవాళ్ళు పాడడానికి వీలులేదన్న రోజుల్లో పోట్లాడి ఆ హక్కు సంపాదించినదీ ఆవిడే. పుష్య బహుళ పంచమినాడు వందలమంది విద్వాంసులు ఎదురెదురుగా కూర్చుని పంచరత్నాలను ఒక్క గొంతుగా పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ - అయిదు రాగాలు, సుమారు గంటసేపు. ఇలా అందరూ కలిసి పాడే పద్ధతి కూడా 1940ల్లో స్థిరపడినదే.

2012 జనవరిలో నేను వెళ్ళాను. చాలా దూరంలో, ఇసుకలో చోటు దొరికింది. ముందు తలలు తప్ప మరేమీ కనబడలేదు. పాట కూడా ముందు ఒకసారి, లౌడుస్పీకర్లోంచి వెనక ఒకసారి వినబడింది. కచేరీగా చూస్తే నిరాశ కిందే జమకట్టాలి. నా పక్కన కుంభకోణం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. తొమ్మిది గజాల చీర, ఒళ్ళో చిన్న పుస్తకం. పుస్తకం తెరవలేదు. అయిదు కృతులూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడింది. అయిపోయాక నన్ను తమిళంలో ఏదో అడిగింది. నాకు రాదని గ్రహించి, వచ్చిన ఇంగ్లీషులో, "తెలుగా?" అంది. ఔనన్నాను. "దుడుకు అంటే ఏమిటి?" అని అడిగింది.

గౌళలో పంచరత్నం "దుడుకుగల". నేను నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ముందూ వెనకా చూడని తొందర, అల్లరి, తప్పుపని చేసే నడత అని. త్యాగరాజస్వామి ఆ పాటలో తన తప్పులు తానే ఏకరువు పెట్టుకుని, ఇటువంటివాణ్ణి ఎవరు కాపాడతారు అని అడుగుతున్నాడని. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అరవై ఏళ్ళుగా పాడుతున్నాను. రాముణ్ణి పొగుడుతున్నాడనుకున్నాను. తనను తాను తిట్టుకుంటున్నాడా?" అంది. తరువాత నావైపు నుంచి కావేరివైపు తిరిగి, ఆ పాట మళ్ళీ మొదటినుంచి, ఈసారి నెమ్మదిగా, తనకు మాత్రమే వినబడేటట్టు పాడుకుంది. అరవై ఏళ్ళు పాడిన పాట ఆవిడ ఆ ఇసుకలో మొదటిసారి పాడింది. నేను పక్కన కూర్చుని విన్నాను. తెలుగు చదువుకున్నందుకు ఇంతకన్నా పెద్ద జీతం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇవి ఏ ఫోన్లోనూ లేవు. ఉండవు కూడా.

ఇప్పుడు ఆ సోదరి అడిగినదానికి వస్తాను. అమ్మా! ఫోను మీద నాకు కోపం లేదు. మీవారి ఫోన్ని పనిలో పెట్టండి. వచ్చే కచేరీకి ముందు వారం రోజులు ఒకే ఒక్క కృతి ఇంట్లో మోగించండి. పిల్ల చెవిలో అది పడి ఉంటే, కచేరీలో ఆ రాగం వినబడగానే చుట్టం ఎదురైనట్టుంటుంది. వెయ్యి రూపాయల టిక్కెట్టు జోలికి పోకండి. మీ ఊళ్ళో సంగీత కళాశాల ఉంటే అక్కడ, గుడి ఉంటే గుళ్ళో, టిక్కెట్టు లేని చిన్న కచేరీలు జరుగుతూనే ఉంటాయి. పిల్లను మొదటి వరసలో, ఫిడేలు వేళ్ళు కనబడేచోట కూర్చోబెట్టండి. గీతాలదాకా వచ్చిన పిల్లకు ఆదితాళం వచ్చి ఉంటుంది. ఎనిమిది అక్షరాలు - ఒక లఘువు, రెండు ద్రుతాలు. తొడమీద వేయమనండి. తని ఆవర్తనంలో కూడా వేయమనండి. మృదంగం ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా తన చెయ్యి పడేచోటికి వచ్చి కలిసినప్పుడు ఆ పిల్ల మొహం చూడండి. ఆ తరువాత నిద్ర వస్తే పడుకోనివ్వండి. సంగీతంలో నిద్రపోవడం నేరమేమీ కాదు.

సభలు నడిపే పెద్దలకు కూడా ఒక మనవి. శాలువాలు కచేరీ అయ్యాక కప్పండి. చెప్పిన వేళకు తంబురా మీటించండి. మైకు సరిచేసే కుర్రాణ్ణి వేదిక పక్కన దాచకుండా హాలు నడుమ కూర్చోబెట్టండి. మేము వినేదే అతనూ వింటాడు. వీటిలో దేనికీ పైసా ఖర్చులేదు.

పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారి శిష్యుడుగా ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు బెజవాడలో త్యాగరాజ ఉత్సవాల్లో పూర్తి కచేరీ చేశాడు. ఆ పిల్లవాడే మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930లో పుట్టి, 2016లో వెళ్ళిపోయేదాకా పాడుతూనే ఉన్నారు. మీ అమ్మాయి అంతటిది కావాలని ఈ సంగతి చెప్పడం లేదు. ఆ రోజు పందిట్లో కూర్చున్నవాళ్ళ గురించి చెబుతున్నాను. పేరు లేని పసివాడు పాడుతూంటే వాళ్ళు లేచిపోలేదు. కూర్చుని విన్నారు. వాళ్ళలో ఎవరి పేరూ మనకు తెలియదు. వాళ్ళు లేకపోతే ఆ పేరు మాత్రం మనదాకా వచ్చేదా?

"చివరికి అదే కదా" అన్న మీ అమ్మాయితో చెప్పండి: ఆ రాత్రి నువ్వు చూసింది ఒట్టి సభ, కచేరీ ఇంకా చూడలేదు అని. చూశాక కూడా నచ్చకపోతే పాఠం మానేయనివ్వండి. అప్పుడది దాని ఇష్టం. మీరు మాత్రం ఆ కచేరీ ఎలా ఉందో నాకు ఉత్తరం రాయండి. బాగుండకపోయినా రాయండి.